ముందు మట్టి పరీక్ష, తర్వాతే పునాది



హైదరాబాద్ తన పాత ఫ్యాక్టరీ నేలలను ఇళ్లకూ, ఆఫీసులకూ, మాల్స్‌కూ అప్పగించే పనిలో పడింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన పారిశ్రామిక భూముల మార్పిడి విధానం, అందరూ 'హిల్ట్' అని పిలుస్తున్నది, ఔటర్ రింగ్ రోడ్డు లోపలా దాన్ని ఆనుకునీ ఉన్న ఇరవైకి పైగా పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలకు వర్తిస్తుంది. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, ఉప్పల్, మౌలాలి, పటాన్‌చెరు. ఈ పేర్ల మీదే మూడు తరాల హైదరాబాద్ అన్నం తింది. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిన వాళ్లు ఇక్కడ షిఫ్టు డ్యూటీలు చేసి పిల్లల్ని చదివించుకున్నారు.

ఆ విధానం మీద రాజకీయంగా పెద్ద రగడే నడిచింది. ఎకరం ధరెంత, ప్రభుత్వానికి వస్తున్నదెంత, ఎవరి జేబులోకి ఎంత పోతోంది అన్నదాని మీదే వాదమంతా సాగింది. ఆ లెక్కలు తేలాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ రగడలో మట్టి గురించి అడిగిన గొంతులు చాలా పలచగా వినబడ్డాయి. ఆ వేల ఎకరాల కింద ఏముంది? ఏ ప్లాటు కింద ఏ రసాయనం ఎంత లోతుకు దిగింది? రేపు అక్కడ పదో అంతస్తులో కాపురం పెట్టబోయే కుటుంబానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న అడిగే బాధ్యత మనందరిదీ. అందుకే ఈ సందేశం.

అనుమానం ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. కాస్త వెనక్కి వెళ్దాం. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర మందుల కర్మాగారం కట్టింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజినీర్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. హైదరాబాద్ బల్క్ డ్రగ్స్ రాజధాని అయింది. పేద దేశాల రోగులకు సైతం అందుబాటు ధరలో మందులు చేరాయంటే అందులో ఈ నగరం చెమట ఉంది. అది మనం గర్వంగా చెప్పుకోవలసిన చరిత్రే.

ఆ చరిత్రలోనే మరో పేజీ ఉంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. ప్రమాదకర వ్యర్థాల మీద దేశంలో మొదటి నిబంధనలు వచ్చింది 1989లో. పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టింది 1994లో. ఘన రూపంలోని ప్రమాదకర వ్యర్థాలను భద్రంగా పూడ్చడానికి దుండిగల్ దగ్గర కేంద్రం వచ్చింది 2001లో. ఈ నాలుగు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యాక్టరీలు వచ్చాక పాతికేళ్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ కాలం, ఆ బురద, ఆ యాసిడ్ నీళ్లు, ఆ వాడేసిన సాల్వెంట్లు, ఆ డ్రమ్ముల అడుగున మిగిలిన జిగురు ఎక్కడికి పోయినట్టు? ఆవరణ వెనక తవ్విన గుంతల్లోకి, ప్రహరీ పక్క నాలాలోకి, నాలా నుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి పోయాయి. నీటితో పోయింది పోగా మిగిలింది నేలలో దిగింది.

శుద్ధి కేంద్రం వచ్చాకైనా కథ ముగిసిందా అంటే లేదు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోఆకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం శుద్ధి అయి బయటికి వచ్చే ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. అది మనం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకు వాడే యాంటీబయాటిక్. ఒక్కరోజులో ఆ గొట్టం నుంచి పోయిన సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోల దాకా ఉంటుందని, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుతో అది సమానమని వారు లెక్కగట్టారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ లెక్కకట్టినప్పుడు 70 మార్కులు దాటి 'తీవ్ర కలుషితం' అనిపించుకున్న 43 ప్రాంతాల్లో పటాన్‌చెరు-బొల్లారం ఒకటి. విశాఖపట్నం మరొకటి.

పటాన్‌చెరు పల్లెల పోరాటం ఊరికే సాగలేదు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001లో ఆ కేసు హైకోర్టుకు మారింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. తీర్పు వచ్చేసరికి 2017. ఇరవై ఏడేళ్లు! ఆ ఏళ్లన్నీ పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారిలాంటివాళ్లు ఒకపక్క రోగులను చూసుకుంటూ మరోపక్క కాగితాలు పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. పంట పోయిన రైతులు, పశువులు చచ్చిపోయిన రైతులు వారి వెంట నిలబడ్డారు. ఆ రైతులు అడిగింది పొలాల గురించి, తాగునీటి గురించి. ఇప్పుడు అదే నేల మీద నగరం లేవబోతోంది. వాళ్లు మొదలుపెట్టిన ప్రశ్నను కొనసాగించడం నగరంలో ఉన్న మన వంతు.

ఇల్లు కొనేటప్పుడు మనం ఎన్ని చూస్తాం! వాస్తు చూపిస్తాం. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు లాయరుతో చదివిస్తాం. బోరు పడిందా, మంజీరా నీళ్లు వస్తాయా, స్కూలు ఎంత దూరం అని పదిసార్లు అడుగుతాం. ఈ స్థలంలో ఇంతకుముందు ఏముండేదని మాత్రం అడగం. అడిగినా 'ఏదో పాత షెడ్డు సార్, కూల్చేశాం' అంటే సరిపెట్టుకుంటాం. ఇక్కడ ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. బిల్డరు ఫైల్లో 'సాయిల్ టెస్ట్ రిపోర్టు' ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూసి మట్టి పరీక్ష అయిపోయిందనుకుంటాం. ఆ పరీక్ష నేల ఎంత బరువు మోస్తుందో చెబుతుంది, పునాది ఎంత లోతు పోవాలో చెబుతుంది. మట్టిలో సీసం ఉందో, క్రోమియం ఉందో, సాల్వెంట్ ఉందో అది చెప్పదు. అది వేరే పరీక్ష. పాత ఫ్యాక్టరీ స్థలమైతే ఆ రెండో పరీక్ష లేకుండా ఒక్క ఇటుక కూడా పడకూడదు.

ఆ పరీక్ష ఎలా జరగాలో దగ్గరగా చూడండి. ముందు ఫ్యాక్టరీ పాత ప్లాన్లు తీస్తారు. రియాక్టర్లు ఏ వైపు ఉండేవి, సాల్వెంట్ ట్యాంకులు ఎక్కడ, వ్యర్థజలం నిలవ చేసిన గుంత ఎక్కడ, డ్రమ్ములు పేర్చిన చోటెక్కడ అని గుర్తిస్తారు. స్థలమంతా గళ్లు గీసి, అనుమానం ఉన్న చోట దగ్గర దగ్గరగా, మిగతా చోట్ల ఎడంగా రంధ్రాలు వేస్తారు. పైమట్టి ఒకటి, మీటరు లోతుది ఒకటి, మొరం తగిలిన చోటిది ఒకటి, రాయి మొదలైన చోటిది మరొకటి, ఇలా విడివిడిగా తీస్తారు. గాజు సీసాల్లో నింపి, మూత గట్టిగా బిగించి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు పంపుతారు. గాజు సీసాయే ఎందుకంటే కొన్ని సాల్వెంట్లను ప్లాస్టిక్ పీల్చుకుంటుంది. ఐసు ఎందుకంటే ఎండ తగిలితే అవి ఆవిరైపోతాయి. ఒక చోటి మట్టిని ప్లాస్టిక్ సంచిలో వేసి, ఎండలో రెండు రోజులు ఉంచి, 'ఏమీ లేదు' అని రిపోర్టు రాయడం చాలా తేలిక. పరీక్ష చేశామని ఎవరైనా చెబితే ఎన్ని రంధ్రాలు వేశారు, ఎంత లోతు నుంచి తీశారు, ఏ ల్యాబుకు పంపారు అని అడగండి. రాత్రి చదువుకుని పొద్దున అడగగలిగిన ప్రశ్నలే ఇవి. ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు.

మన నేల తీరు కూడా తెలియాలి. హైదరాబాద్ గ్రానైటు మీద కూర్చున్న ఊరు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లు బారిన రాయి. నీరు ఆ పగుళ్ల వెంటే నడుస్తుంది, విషమూ ఆ పగుళ్ల వెంటే నడుస్తుంది. అందుకే ఫ్యాక్టరీ పక్కింటి బోరు బాగుండి, దూరంగా ఉన్న కాలనీ బోరు పాడైపోవచ్చు. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు కొన్ని నీటికన్నా బరువైనవి. అవి నీటి మీద తేలవు, నీటిని దాటుకుని కిందికి దిగి రాతి పగుళ్లలో తిష్ఠవేస్తాయి. కాబట్టి 'మా గేటు లోపల అంతా శుభ్రమే' అన్న మాటతో పని తీరదు. చుట్టుపక్కల బోర్లన్నిటినీ చూడాలి.

ఇక సెల్లార్ల సంగతి. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెడుతోంది. ఇవాళ మన నగరంలో పెద్ద భవనమంటే రెండు, మూడు, నాలుగు సెల్లార్లు. రాత్రి పదకొండు దాటాక టిప్పర్లు వరసకట్టి మట్టి మోస్తుంటాయి. ఆ మట్టి ఎక్కడికి పోతోందో ఎవరూ అడగరు. శివార్లలో ఎవరో లేఅవుట్ వేసి పల్లం పూడ్చుకుంటుంటే అక్కడ పడుతుంది. కుంట అంచు పూడ్చే చోట పడుతుంది. తోట పెంచుకునే వాళ్ల ఇంటికీ పోతుంది. సెల్లార్‌లో ఊరిన నీటిని మోటారు పెట్టి తోడి నాలాలోకి వదులుతారు. మామూలు స్థలంలో ఇది ఇబ్బంది మాత్రమే. నలభై ఏళ్లు రసాయనాలు దిగిన స్థలంలో ఇలా చేస్తే ఒకచోట ఉన్న విషాన్ని పది చోట్లకు పంచినట్టే. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, కాడ్మియం పేరుకున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. ఆ మట్టిలో ఒక టిప్పరు మీ కాలనీ పార్కులో పడిందనుకోండి. మట్టిలో ఆడుకుని, చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకునే పిల్లలే ముందు దెబ్బతింటారు. పిల్లల ఒంట్లో సీసానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనదగ్గ హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఎదిగే మెదడు మీద పనిచేస్తుంది, పోయినది తిరిగి రాదు.

అమెరికాలో నయాగరా ఫాల్స్ అనే ఊళ్లో ఇలాగే జరిగింది. హుకర్ కెమికల్ అనే కంపెనీ 1940ల నుంచి లవ్ కెనాల్ అనే పాత కాలువ గుంతలో దాదాపు ఇరవై వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే ఉంది. అయినా అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. ఇళ్ల అడుగు గదుల్లోకి నల్లటి జిగురు ఊరింది. లోయిస్ గిబ్స్ అనే ఒక తల్లి, బడికి పోయే తన కొడుకు జబ్బుపడ్డాక, ఇంటింటి తలుపు తట్టి ఎవరింట్లో ఏ జబ్బులున్నాయో రాసుకుంది. 1978లో అధ్యక్షుడు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1980లో కలుషిత నేలలను శుభ్రం చేయడానికే 'సూపర్‌ఫండ్' చట్టం వచ్చింది. గిబ్స్ శాస్త్రవేత్త కాదు, నాయకురాలూ కాదు. చేతిలో ఉన్నది ఒక నోటుపుస్తకం.

మన దగ్గర చట్టం లేదని ఇకమీదట ఎవరూ తప్పించుకోలేరు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ప్రకటించింది. స్థానిక సంస్థగానీ జిల్లా యంత్రాంగంగానీ తమంతట తాముగానో, ప్రజల ఫిర్యాదు మీదనో అనుమానిత స్థలాలను గుర్తించి ఆరు నెలలకోసారి జాబితా పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. అనుమానం నిలబడితే మరో మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. 189 రసాయనాల జాబితా ఉంది, ఏది ఎంత దాటితే కలుషితమో హద్దులున్నాయి. నేలను పాడు చేసినవాడే ఖర్చు భరించాలి. వాడి ఆచూకీ లేకపోతే, కట్టగల స్థితి లేకపోతే ప్రభుత్వాలు ముందుకు రావాలి. ఈ నిబంధనలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద గుర్తించిన కలుషిత స్థలాలు 103. శుద్ధి పనులు మొదలైనవి వాటిలో ఏడు మాత్రమే. 'ప్రజల ఫిర్యాదు మీద' అన్న ఆ మూడు మాటల్లో మన పని అంతా ఉంది. ఫిర్యాదు లేకపోతే జాబితా ఖాళీగా పోతుంది. జాబితా ఖాళీగా పోతే 90 రోజుల గడువు ఎప్పటికీ మొదలుకాదు.

డబ్బు ఎక్కడిదంటారా? హిల్ట్ కింద భూమి వినియోగం మార్చుకునే యజమాని రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో, పెద్ద రోడ్డు మీదున్న స్థలమైతే 50 శాతమో ప్రభావ రుసుము కట్టాలి. ఆ సొమ్ములో కొంత భాగాన్ని ముందే విడదీసి, నేల శుద్ధికి మాత్రమే వాడే ప్రత్యేక నిధిలో వేయాలని మనం గట్టిగా అడగాలి. పెద్ద కంపెనీ తన స్థలాన్ని తానే పరీక్ష చేయించుకోగలదు, శుభ్రం చేయించగలదు. చేయించకపోతే అనుమతి ఆపాలి. కాటేదాన్‌లో అయిదొందల గజాల షెడ్డులో పాత బ్యాటరీలు విరగ్గొట్టి బతికిన చిన్న యజమాని సంగతి వేరు. అతను మూసేసి ఊరెళ్లిపోతాడు, నేల అలాగే ఉండిపోతుంది. అలాంటి చోట నగరం చెయ్యి వేయాల్సిందే. పరీక్షకు నగరమే డబ్బు పెట్టాలి, శుద్ధికి సాయం చేయాలి, స్థలం అమ్ముడైనప్పుడు ఆ ఖర్చు రాబట్టుకోవాలి. చెత్తగుట్టల కోసం స్వచ్ఛ భారత్ రెండో దశలో కేంద్రం డబ్బు ఇస్తోంది. ఎందుకంటే చెత్తగుట్ట కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. నేలలో దిగిన రసాయనం ఎవరికీ కనిపించదు గనుక దానికి పద్దు లేదు. ఆ పద్దు పెట్టించాలి.

సాధ్యమా అని నీరసపడవద్దు. ఇండోర్ నగరపాలక సంస్థ దేవ్‌గురాడియాలో ఏళ్ల తరబడి పేరుకున్న దాదాపు 15 లక్షల టన్నుల చెత్తను 2018లో జల్లెడపట్టి తీసేసింది. బయటివాళ్లకు టన్నుల లెక్కన కాంట్రాక్టు ఇస్తే పదుల కోట్లు అవుతుందని తేలితే, యంత్రాలు అద్దెకు తెచ్చుకుని సొంత సిబ్బందితో చేయించింది. దాదాపు వంద ఎకరాలు బయటపడ్డాయి. అక్కడే 2022లో తడిచెత్త నుంచి గ్యాసు తీసే పెద్ద ప్లాంటు మొదలైంది. మన విజయవాడలోనూ అజిత్‌సింగ్‌ నగర్‌ పాత చెత్తగుట్టను ఇలాగే తవ్వి తీశారు. లండన్‌లో 2012 ఒలింపిక్స్ జరిగిన నేల అంతకుముందు వందేళ్లపాటు ఫ్యాక్టరీల మురికి మింగిన నేల. అక్కడ మట్టిని తవ్వి, అక్కడే యంత్రాల్లో కడిగి, అందులో ఎక్కువ భాగాన్ని అక్కడే మళ్లీ పరిచారు. దాదాపు 20 లక్షల టన్నుల మట్టి! ఆ కడిగే చోట్లకు వాళ్లు పెట్టుకున్న పేరు 'మట్టి ఆసుపత్రులు'. ఇవాళ అక్కడ పార్కు ఉంది, ఇళ్లున్నాయి, బడులున్నాయి.

పద్ధతులు చాలానే ఉన్నాయి. నూనెలు, కొన్ని సాల్వెంట్లు ఉన్న చోట సూక్ష్మజీవులతో కుళ్లబెట్టించవచ్చు. లోహాలు ఉన్న మట్టిని కడగవచ్చు, లేదా కదలకుండా బంధించి మీద పొర వేసి పార్కింగుకో మైదానానికో వాడుకోవచ్చు. మరీ విషమైన మట్టిని దుండిగల్ లాంటి కేంద్రానికి కాగితాలతో సహా పంపాలి. భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేయవచ్చు. కొన్ని స్థలాలు ఆఫీసులకు సరిపోతాయి, బడికి సరిపోవు. ఏ స్థలం దేనికి పనికొస్తుందో పరీక్షే చెబుతుంది. ఆ పరీక్షలు చేయగల శాస్త్రవేత్తలు ఎక్కడో లేరు. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఒకే రోడ్డు మీద ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. పక్కనే జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. దేశంలో ఇంకే నగరానికి ఇంత బలం చేతికందేంత దగ్గర్లో ఉంది?

ఆలస్యం చేస్తే ఏమవుతుందో భోపాల్ చెబుతుంది. 1984 డిసెంబరులో అక్కడి ఫ్యాక్టరీలో విష గ్యాసు లీకయింది. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలను అక్కడి నుంచి కదిలించింది 2025 జనవరిలో. నలభై ఏళ్లు! ఆవరణ మట్టిలో, చుట్టుపక్కల బస్తీల భూగర్భజలంలో దిగినది ఇంకా అలాగే ఉంది.

'ఇదంతా బయటపెడితే మా ఫ్లాటు ధర పడిపోతుంది' అని కొందరు అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగుల్లో గొంతు తగ్గించి అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. జీవితమంతా ఈఎంఐ కట్టేవాడికి ఆ భయం ఉండదా? కానీ తెలియకుండా ఉండిపోతే ధర నిలుస్తుందేమో గానీ పిల్లవాడి ఒంట్లో సీసం ఆగదు. తెలిసిన చోట శుద్ధి చేయించుకోవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు, బోరు మూసేసి మంచినీటి లైను వేయించుకోవచ్చు. కలుషితం చేసినవాడే కట్టాలన్న సూత్రాన్ని రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు 1996లోనే స్థిరపరిచింది. ఆ గ్రామస్థులు తమ బావినీళ్లు ఎర్రబారాయని దాచిపెట్టుకుని ఉంటే ఆ తీర్పు వచ్చేదే కాదు.

ఇప్పుడు నా విన్నపం, ముందుగా పాత కార్మికులకు. జీడిమెట్లలో, కాటేదాన్‌లో, బొల్లారంలో జీవితం ధారపోసి రిటైరైన అన్నలారా, అక్కలారా! ఏ షెడ్డు వెనక గుంత తవ్వారో, ఏ వానాకాలం రాత్రి ట్యాంకరు నాలాలోకి వదిలారో, ఎక్కడ డ్రమ్ములు పాతి మీద సిమెంటు పోశారో మీకు తెలిసినంతగా ఏ శాటిలైటుకూ తెలియదు. మీరు వెళ్లిపోతే ఆ సమాచారం మీతోనే పోతుంది. అప్పుడు మీరు పొట్టకూటి కోసం చేశారు, మిమ్మల్ని తప్పుపట్టేవారు ఎవరూ లేరు. ఇప్పుడు నోరు విప్పండి. మనవడి చేత ఒక తెల్లకాగితం మీద పటం గీయించి ఇవ్వండి. లారీ డ్రైవర్లు, వాచ్‌మన్‌లు, ప్లంబర్లు, బోరు వేసేవాళ్లు, మీరు కూడా. బోరు వేసేటప్పుడు ఎక్కడ ఘాటు వాసన కొట్టిందో, ఎక్కడ రంగునీళ్లు వచ్చాయో మీ దగ్గరే లెక్క ఉంది.

ఇంజినీర్లారా, ఆర్కిటెక్టులారా, పాత పారిశ్రామిక స్థలం ప్లాను మీ బల్ల మీదికి వస్తే రసాయన పరీక్ష రిపోర్టు లేకుండా సంతకం పెట్టకండి. బ్యాంకు మేనేజర్లు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే ఆ రిపోర్టు అడగాలి. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో ప్రాజెక్టు నమోదు చేసేటప్పుడు స్థలం పాత చరిత్ర, పరీక్ష ఫలితం కొనుగోలుదారుకు కనిపించేలా పెట్టమని కోరాలి. కాలేజీల్లో కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంట్ చెప్పే మాస్టార్లు తమ విద్యార్థులతో చుట్టుపక్కల బోర్ల నీటిని ప్రతి ఏడూ పరీక్షించి ఫలితాలు కాలనీ నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. కార్పొరేటర్లకూ ఎమ్మెల్యేలకూ ఒకటే మాట. రోడ్లు, లైట్లు, డ్రైనేజీ అడిగినట్టే ఓటర్లు ఇకమీదట ఇదీ అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

ఒక షరతు మాత్రం మరిచిపోకూడదు. శుభ్రమైన నేల విలువ పెరుగుతుంది. పెరిగిన విలువంతా పెద్ద టవర్లకే పోయి, ఇన్నేళ్లూ ఆ గాలి పీల్చి, ఆ బోరునీళ్లు తాగిన బస్తీలను ఖాళీ చేయిస్తే అది ఘోరమైన అన్యాయం. ప్రతి పారిశ్రామికవాడలోనూ శుద్ధి చేసిన నేలలో కొంత భాగం అక్కడి కార్మికుల ఇళ్లకు, ప్రభుత్వ బడికి, పార్కుకు, ఆరోగ్య కేంద్రానికి దక్కాలి. ముందు విషం తాగినవాళ్లకే ముందు మంచి నేల అందాలి.

ఈ వారమే మొదలుపెట్టండి. మీ కాలనీకి దగ్గర్లో మూతపడిన ఫ్యాక్టరీ, కూల్చిన షెడ్డు, రంగునీళ్లు ఊరే గుంత, వాసన కొట్టే బోరు ఏదున్నా ఫోటో తీయండి. తేదీ వేయండి, సర్వే నంబరు దొరికితే రాయండి. పాత కార్మికుడు ఎవరైనా ఉంటే ఆయన చెప్పింది రాసుకోండి. 'అనుమానిత కలుషిత స్థలం' అని పైన స్పష్టంగా రాసి, ఇరుగుపొరుగు పదిమంది చేత సంతకాలు పెట్టించి, ఒక ప్రతి నగరపాలక సంస్థ వార్డు కార్యాలయంలో, ఒకటి కలెక్టరేట్‌లో, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వండి. మూడు చోట్లా తేదీ ముద్రతో రసీదు అడిగి తీసుకోండి. 90 రోజులు దాటాక అదే రసీదుతో వెళ్లి పరిశీలన ఏమైందని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మీ పక్క కాలనీ వాళ్లకూ ఇదే కాగితం నమూనా ఇవ్వండి.